పడవ నడిపే అమ్మాయి పక్కటెముక

కరోనా సద్దుమణిగి, మూతపడ్డ బడులన్నీ మళ్ళీ తెరుచుకున్న మరుసటి ఏడాది అది. ఇస్నాపూర్‌లో హైవేకి కాస్త లోపలగా, ఒక మందుల షాపు పైన నా ఫిజియోథెరపీ క్లినిక్. మూడు మంచాలు, కొన్ని మెషిన్లు, రోడ్డు వైపు ఒక పెద్ద కిటికీ. కిటికీలోంచి చూస్తే కంపెనీ బస్సులు, షిఫ్టు దిగి టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ నడిచొచ్చే జనం. నా పేషెంట్లలో ఎక్కువమంది వాళ్ళే. డ్రమ్ములు దొర్లించి నడుం పట్టేసినవాళ్ళు, వెల్డింగ్ చేసీ చేసీ మెడ బిగుసుకుపోయినవాళ్ళు, ప్యాకింగ్ లైన్లో నిలబడి మోకాళ్ళు వాచిన ఆడవాళ్ళు.

మా నాన్న ఇక్కడి ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో మాట్లాడే తెలుగొకటి, క్లినిక్‌లో వినే తెలుగొకటి. రెండూ నావే. ఈ వృత్తిలో ఎన్ని వీపులు, ఎన్ని భుజాలు చూశానో లెక్క లేదు. అయినా మర్చిపోలేని కేసు ఏదంటే, నేను చెప్పేది ఒక పక్కటెముక గురించే.

నర్సింలు నాకు పాత పేషెంటు. జోగిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటూ, ఒక మందుల కంపెనీలో లోడింగ్ పని చేసేవాడు. నడుం నొప్పికి నా దగ్గరికి అప్పుడప్పుడూ వచ్చి మెషిన్ పెట్టించుకుని పోయేవాడు. కొన్నాళ్ళు పని మానమని చెప్తే నవ్వేవాడు. "రెస్టేంది మేడం? నేను రెస్టు అడిగితె కాంట్రాక్టర్ ఏకంగ ఇంటికే తోలుతడు" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున వచ్చి, "ఇయ్యాల నాకు కాదు మేడం. మా బిడ్డను జెర సూడాలె" అన్నాడు.

అతని వెనక గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిని చూసి ఒక్క క్షణం ఆగిపోయాను. తండ్రి కంటే తల ఎత్తు పొడుగు. ఆ పొడుగుకు తగ్గ చేతులు. అరచేతుల నిండా పొలం పని చేసేవాళ్ళకుండే కాయలు. పేరు రేణుక. ఇంటర్ మొదటి సంవత్సరం.

"పొలం పనికి వెళ్తావా?" అన్నాను ఆ చేతులు చూసి.

"లేదు మేడం. రోయింగ్ చేస్త."

నిజం చెప్పాలంటే నాకు సరిగ్గా అర్థం కాలేదు. "అంటే?"

"పడవ మేడం. తెడ్లతోటి నడుపుడు. హుస్సేన్‌సాగర్‌ల ప్రాక్టీసు."

నర్సింలు అందుకున్నాడు. "మా ఖాందాన్‌ల ఈతొచ్చినోడు ఒక్కడు లేడు మేడం. మా ఊరి చెర్వు నిండుడే కష్టం. గీ పిల్ల పొయ్యి నీళ్ళల్ల పడ్డది."

"పడలే బాపు, పడవల కూసున్న" అంది రేణుక, నవ్వబోయి చటుక్కున పక్కను పట్టుకుంది. ఆ పట్టుకోవడం నేను చూశాను.

పరీక్ష చేస్తూ మాటల్లో పెట్టాను. సంగారెడ్డి వైపు గురుకులంలో చదువుతుండగా, ఆర్మీలో చేసి రిటైరైన రాజేందర్ అనే కోచ్ పొడుగు పిల్లల కోసం వాళ్ళ బడికి వచ్చాడట. తనతో ఒక ఎర్గోమీటర్ తెచ్చాడు. నేల మీద కూర్చుని పడవ నడిపినట్టు లాగే మెషిన్ అది. సీటు ముందుకీ వెనక్కీ జారుతుంది, ఎంత బలంగా లాగామో ఎదురుగా తెర మీద అంకె పడుతుంది. ఆ రోజు వరసగా పిల్లలందరి చేతా లాగించాడు.

"నేను పొడుగని క్లాసుల ఎప్పుడు ఎన్క బెంచే మేడం. ఫోటోల ఎన్క లైనే. ఆ దినం లాగితె సారు తెర దిక్కు సూసి, మెషిన్ ఖరాబైందనుకున్నడు. ఇంకోసారి లాగుమన్నడు. లాగిన. మల్ల గంతే వచ్చింది. ఇగ సారు మా ప్రిన్సిపల్ మేడం దగ్గరికి ఉరికిండు!"

ఇది చెప్తున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు చూడాలి. నొప్పి సంగతే మర్చిపోయింది. అలా బడిలో మొదలై, అకాడమీ హాస్టల్‌కి మారి, ఇప్పుడు రాష్ట్ర జట్టు గుమ్మం దాకా వచ్చింది. జూనియర్ నేషనల్స్‌కి ఎంపిక పోటీలు దగ్గర పడుతున్నాయి. కొల్లూరు డబుల్ బెడ్రూమ్ కాలనీ నుంచి వచ్చే షబానా అనే అమ్మాయితో కలిసి ఇద్దరి పడవ నడుపుతోంది. పెయిర్ అంటారు దాన్ని. ఒక్కొక్కరికి ఒక్కటే తెడ్డు, ఒకరిది కుడి వైపు, ఒకరిది ఎడమ వైపు. ఒకరు లేకపోతే రెండో ఆమె ఉన్నా పడవ కదలదు.

ఎడమ చంక కింద పక్కటెముకల మీద ఒక్కొక్కటిగా వేలు నొక్కుకుంటూ వచ్చాను. ఒకచోటికి రాగానే నా మణికట్టు గట్టిగా పట్టేసుకుంది. కండరం నొప్పి అయితే అరచెయ్యంత మేర ఉంటుంది. ఇది వేలి మొన అంత చోట.

"ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి మేడం." అంటూ తండ్రి వైపు చూసింది.

నర్సింలును కింద చాయ్ తాగి రమ్మని పంపాను. తలుపు దగ్గరగా వేసి మళ్ళీ అడిగాను. దగ్గితే నొప్పి, గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి, మంచం మీద పక్కకు తిరిగితే నొప్పి. మొన్నటి నుంచి కాదు, నెల దాటింది.

"కోచ్‌కి చెప్పలేదా?"

"చెప్తే సీటు పోతది మేడం. నా జాగల ఇంకొకామెను కూసోబెడ్తరు. షబానాకు గూడ చెప్పలే."

ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదు. సంగారెడ్డిలో నేను పేషెంట్లను పంపే ఎముకల డాక్టరుకి ఫోన్ చేసి, ఫిల్ము పంపాను. ఆయన ఫిల్ము చూసి, "ఇలాంటి సన్న పగుళ్ళు మొదట్లో ఎక్స్‌రేకి దొరకవమ్మా. నీ అనుమానమే నాకూ ఉంది. ఎమ్మారై తీయిద్దాం" అన్నాడు. ఇక దాచడం కుదరదని రేణుకకు చెప్పి నేనే అకాడమీకి ఫోన్ చేస్తే, వాళ్ళు తీయించారు. అనుమానం నిజమైంది. స్ట్రెస్ ఫ్రాక్చర్. దెబ్బ తగిలి విరిగేది కాదిది. ఇనప తీగను ఒకే చోట వంచుతూ పోతే చివరికి అక్కడ నెర్రె ఇస్తుంది చూడండి, అలా ఒకే లాగుడు వేలసార్లు లాగితే ఎముకలో వచ్చే పగులు.

దీనికి మందు ఒక్కటే. ఆరు వారాలు తెడ్డు ముట్టుకోకూడదు. ఎంపిక పోటీలు ఆ లోపే.

ఆ మాట చెప్పడానికి అందరినీ ఒకేసారి క్లినిక్‌కి పిలిపించాను. రాజేందర్ సార్, రేణుక, షబానా, డ్యూటీ నుంచి అదే యూనిఫామ్‌లో వచ్చిన నర్సింలు. రాజేందర్ సార్ నిటారుగా కూర్చునే మనిషి. రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"మేడం, గట్టిగ టేపు వేసి ఈ ట్రయల్స్ ఒక్కటి లాగనిస్తె?"

"లాగొచ్చు సార్. లాగాక పగులు పూర్తిగా విరిగితే ఈ ఏడాది మొత్తం పోవచ్చు."

"కచ్చితంగ విరుగుతదా?"

కచ్చితంగా అని ఎలా చెప్పగలను? విరక్కుండా లాగి గెలిచినవాళ్ళూ ఉంటారు. నా మాట విని ఆగి, ఆ పిల్లకి మళ్ళీ ఇలాంటి అవకాశం రాకపోతే? "కచ్చితం అని చెప్పలేను. కానీ నా కూతురైతే ఎక్కనివ్వను" అన్నాను.

"నేను ఎక్కుత సార్! నాకేం నొప్పి లేదు!" రేణుక లేచి నిలబడింది. షబానా తల వంచుకుని తన గోళ్ళు చూసుకుంటోంది. పాపం, ఆ పిల్ల మాత్రం ఏమంటుంది? ఎక్కమంటే స్నేహితురాలి ఎముక, వద్దంటే తన పడవ.

అప్పుడు మాట్లాడాడు నర్సింలు. అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు.

"సార్, పెద్ద సదువు సదువలే నేను. నా నడుము సంగతి మాత్రం నాకెర్క. మొదాలు నొచ్చిన దినమే ఆగుంటె, ఇయ్యాల వంగి నా చెప్పులు నేనేసుకునెటోన్ని. నేను ఆగితె ఇంట్ల పొయ్యి వెలుగకపోతుండె, అందుకే ఆగలే. దానికి గా తిప్పల లేదు. నా బిడ్డ ఆగుతది."

రాజేందర్ సార్ లేచి నర్సింలు భుజం మీద చెయ్యి వేసి, "ఆగుతది" అన్నాడు. రేణుక మా అందరినీ దాటుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ వారమే షబానాకు వేరే జోడీని పెట్టారు.

తర్వాతి రోజుల్లో రేణుక వచ్చేది గానీ నాతో ముఖం ఇచ్చి మాట్లాడేది కాదు. చెప్పిన వ్యాయామం కోపంగా చేసేది. ఊపిరి శక్తి తగ్గకుండా సైకిల్ తొక్కించాను. భుజం రెక్కను పక్కటెముకలకు పట్టి ఉంచే కండరం ఒకటుంటుంది, అది గట్టిపడడానికి గోడకు చేతులు ఆనించి తోసే వ్యాయామాలు చేయించాను. మంచాల మీద నడుములకు మెషిన్ పెట్టించుకుంటున్న కార్మికులకు ఆ పిల్ల సైకిలే వినోదం. ఒడిశా నుంచి వచ్చిన ఒక క్రేన్ ఆపరేటర్ రోజూ అడిగేవాడు, "దీదీ, ఆజ్ కిత్నా కిలోమీటర్?" మొదట్లో జవాబిచ్చేది కాదు. కొన్నాళ్ళకు, "బీస్, భయ్యా!" అని అరిచి చెప్పడం మొదలుపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. కోపం అలా కరిగింది.

నాకు మాత్రం ఒక సందేహం పోలేదు. ఎముక అతుక్కుంటుంది, సరే. మళ్ళీ అదే లాగుడు లాగితే మళ్ళీ అక్కడే పగలదా? ఆ లాగుడేమిటో కళ్ళారా చూద్దామని ఒక పొద్దున హుస్సేన్‌సాగర్‌కి వెళ్ళాను. రాజేందర్ సార్ తన మోటారు పడవలో ఎక్కించుకున్నాడు. పడవ పందెమంటే చేతుల బలం అనుకునేదాన్ని. అక్కడ చూశాను, అసలు పని కాళ్ళది. కాళ్ళతో తన్ని, నడుముతో ఊగి, చివర్లో చేతులు. కత్తిలా సన్నటి పడవ నీళ్ళ మీద ఈల వేస్తున్నట్టు పోతుంటే నా ఒళ్ళు జలదరించింది. ఇంకో విచిత్రం, వాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు. గెలుపు గీత వాళ్ళకు కనపడదు. కనపడేదల్లా తాము దాటి వచ్చినవాళ్ళే.

సార్ తన ఫోన్‌లో రేణుక పాత వీడియోలు చూపించాడు. ఒక్కటే తెడ్డు కాబట్టి ప్రతి లాగుడుకీ ఒళ్ళు ఒకే పక్కకు మెలిక తిరుగుతోంది. అంత పొడుగు మనిషికి ఆ మెలిక ఇంకా ఎక్కువ. భారమంతా వెళ్ళి ఎడమ పక్కటెముకల మీద పడుతోంది.

"సార్, రెండు చేతులకూ రెండు తెడ్లుండే పడవలు చూశాను ఇందాక. అందులో ఈ మెలిక ఉండదు కదా?"

"అది స్కల్లింగ్ మేడం. అదే వేరే ఆట" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, వీడియో మళ్ళీ మొదటి నుంచి చూశాడు. "సింగిల్స్‌కు మా దగ్గర మంచి అమ్మాయి లేదు" అన్నాడు, నాతో కాదు, తనలో తనే.

రేణుక ఒప్పుకోలేదు. సింగిల్ స్కల్ అంటే పడవలో ఒక్కరే. "నాతోటి కాదు మేడం. షబానా నా ముందల కూసుంటె ఆమె వీపు సూసుకుంట లాగుతుంటి. ఒక్కదాన్ని ఏం సూసుకుంట లాగాలె?" అని నా ముందే ఏడ్చింది. ఎక్కి చూడు, అప్పటికీ వద్దనిపిస్తే దిగిపో అన్నాను.

ఎముక అతికిందని డాక్టరు చెప్పాక మొదటిసారి సింగిల్ ఎక్కిన రోజు, ఒడ్డు దాటకముందే బోల్తా పడిందట. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. సాయంత్రం ఫోన్ చేసింది. "మేడం, ఇయ్యాల సాగర్ నీళ్ళు కడుపు నిండ తాగిన!" అని పకపకా నవ్వుతోంది. గట్టిగా నవ్వినా పక్కన నొప్పి లేదని అప్పుడు గమనించాను. నేనూ నవ్వాను.

ఆ ఏడాది జూనియర్ నేషనల్స్‌లో షబానా, కొత్త జోడీ రజతం గెలిచారు. రేణుక ఒడ్డున నిలబడి వాళ్ళ కోసం గొంతు పోయేలా అరిచింది. "లోపల మంట లేదా?" అని తర్వాత అడిగితే, "ఉండె మేడం. కని ఆ పడవ గీత దాటినంక మంట యాదికి లేకపాయె" అంది.

ఇక ఆ తర్వాత వచ్చినవన్నీ ఫోన్లే. రాష్ట్ర జట్టులో సింగిల్స్‌కి ఎంపికైంది. మరుసటి ఏడు నేషనల్స్‌లో ఫైనల్ చేరింది. ఆ ఫైనల్లో స్వర్ణం! రాజేందర్ సార్ ఫోన్ చేసి ఆ మాటే మూడుసార్లు చెప్పాడు. జాతీయ శిబిరానికి పిలుపొచ్చింది. పాస్‌పోర్టు వచ్చింది. జూనియర్ ఆసియా పోటీలకు మొదటిసారి విమానం ఎక్కింది. ఆ విమానం పైకి లేస్తున్నప్పుడు కాళ్ళు తన్నిపెట్టి సీటు లాగిందట. "రేసు స్టార్ట్ లెక్కనే ఉన్నది మేడం!" అక్కడ ఆరో స్థానం. ఏడుస్తుందనుకున్నాను. "ముందటోళ్ళు ఎట్ల లాగుతున్నరో ఇప్పుడు సూసిన, ఇగ సూడుండ్రి" అంది.

శిబిరంలో ఇంకో రెండేళ్ళు గడిచాయి. సీనియర్ జట్టులోకి వచ్చింది. సీనియర్ ఆసియా పోటీల్లో సింగిల్స్ ఫైనల్ చేరిందన్న వార్త నాకు నర్సింలు మెట్లెక్కుతూనే అరిచి చెప్పాడు. ఫైనల్ మర్నాడు పొద్దున, మన టైము ప్రకారం నైట్ షిఫ్టు దిగే వేళకు.

ఆ పొద్దున క్లినిక్ నిండిపోయింది. మంచాల మీద పేషెంట్లు, కుర్చీల్లో వాళ్ళ బంధువులు, గుమ్మంలో మందుల షాపు కుర్రాళ్ళు, నర్సింలుతో పాటు షిఫ్టు దిగిన అతని జట్టు మొత్తం. నర్సింలు ఫోన్‌ను అల్ట్రాసౌండ్ మెషిన్‌కి ఆనించి పెట్టాం. ఆరు పడవలు. మన పిల్ల నాలుగో లైను.

రెండు కిలోమీటర్ల పందెం. మొదలవగానే అందరూ దూసుకుపోయారు, రేణుక వెనకబడింది. సగం దూరానికి ఐదో స్థానం. నడుం మెషిన్ బీప్ బీప్‌మంటోంది. నాకు తెరలో ఆమె ముఖం కాదు కనిపించేది, ఎడమ పక్క. ప్రతి లాగుడుకీ అక్కడే చూస్తున్నాను. మెలిక లేదు. రెండు వైపులా సమానంగా, కాళ్ళు ముందు, చేతులు తర్వాత.

"స్పీడు లేపుతున్నది! సూడుండ్రి, లేపుతున్నది!" ఎవరో అరిచారు. నాలుగో స్థానంలో ఉన్న పడవ అంతకంతకూ దగ్గరవుతోంది. దాటింది! క్రేన్ ఆపరేటర్ మంచం మీద లేచి కూర్చున్నాడు, నడుముకు పెట్టిన ప్యాడ్లు ఊడి వేలాడుతున్నాయి. "ఖీంచో దీదీ! ఖీంచో!" లాగమని ఒకటే కేక. ఇక మూడో స్థానంలోని పడవ. రెండు పడవల ముక్కులూ ఒకటై కనిపిస్తున్నాయి. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేనని రోజూ తిట్టుకునే పెద్దమ్మ ఒకావిడ లేచి నిలబడి చేతులు ఊపుతోంది. నేను ఏం అరిచానో నాకే తెలీదు. గీత దాటేశారు. ఎవరు ముందో తెలియలేదు.

గీత దాటే క్షణంలో తీసిన ఫోటో తెర మీద వచ్చింది. తర్వాత పేర్ల వరస వచ్చింది. మూడోది మన పిల్ల పేరు!

ఆ కేకలకు కింద రోడ్డు మీద ఆటోలు ఆగి పైకి చూశాయట. మందుల షాపు కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎత్తేసుకున్నారు. నర్సింలును అందరూ కావలించుకుంటున్నారు, వీపు చరుస్తున్నారు. అతను మాత్రం తెరలోంచి కళ్ళు తిప్పలేదు. పడవలో ముందుకు వాలిపోయి రొప్పుతున్న కూతుర్నే చూస్తున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి అడిగాడు.

"మేడం, దానికి పక్కల నొస్తలేదు గద?"

"లేదన్నా. అలిసిపోయింది, అంతే" అన్నాను. అప్పుడు ఏడ్చాడు.

రేణుక ఊరికి వచ్చాక క్లినిక్‌కి వచ్చింది. కాంస్య పతకం మంచం మంచానికీ తిరిగింది. ఒక్కొక్కరూ అరచేతిలో తూచి చూశారు. తర్వాతి పోటీ యూరప్‌లో, ప్రపంచంలోని గట్టివాళ్ళంతా వస్తారట. ఆ కబుర్లు చెప్తూ మధ్యలో మామూలుగా ఒక మాట అంది.

"ఆసియాకు ముంగట మల్ల గదే జాగల జెర గుంజింది మేడం. ఆ పొద్దే క్యాంపుల కోచ్‌కు చెప్పిన. కొన్ని దినాలు ఆపిండు. నా సీటు ఎక్కడికీ పోలే."

పతకం కంటే ఆ మాట నాకు పెద్దదిగా అనిపించింది. ఆ పిల్ల మొదట నెలకు పైగా నొప్పి దాచింది తెలివితక్కువై కాదు, మొండితనమూ కాదు. చెప్తే ఉన్నది పోతుందన్న భయం. ఆ భయం నా క్లినిక్ మెట్లెక్కే ప్రతి మనిషికీ ఉంది. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగి, వాళ్ళు చెప్పిందే రాసుకుని మెషిన్ పెడుతూ వచ్చాను నేను. ఎవరికి భయపడి ఎంత తగ్గించి చెప్తున్నారో అడగలేదు. మనిషి నొప్పిని పూర్తిగా చెప్పేది, చెప్పినందుకు ఏమీ పోదని నమ్మిన చోటే. ఆ నమ్మకం కుదిరాకే నా వైద్యం మొదలవుతుంది.

రేణుక వెళ్ళిన మర్నాడు కొత్త పేషెంటు వచ్చాడు. పాశమైలారంలో వెల్డర్. భుజం పైకి లేవడం లేదు. "నిన్ననే పట్టింది మేడం" అన్నాడు, కళ్ళు పక్కకు తిప్పుకుని.

నేను భుజం ముట్టుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాను. "ఈ నొప్పి సంగతి ఎవరికి తెలియకూడదు తమ్ముడూ?"

అతను తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"మా సూపర్‌వైజర్‌కు" అని, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. "దీపావళి ముంగటి నుంచి నొస్తున్నది మేడం."